ఉరవకొండలో పాత స్పోర్ట్స్ బండి కొనేముందు

సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బండి ఎలా కొనాలని అడిగితే సలహాలు కావలసినన్ని దొరుకుతాయి. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లు, సింగిల్ ఓనర్ బండి చూసుకో, తక్కువ తిరిగింది తీసుకో, ఆర్‌సీ సరిచూసుకో. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే ఇవన్నీ పెద్ద ఊళ్లలో, కూతవేటు దూరంలో కంపెనీ సర్వీసు సెంటరు ఉన్నవాళ్లకు సరిపోయే మాటలు. ఉరవకొండ సంగతి వేరు. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టే. నల్లరేగడి ఎండితే లేచే సన్నదుమ్ము ఏడాదిలో చాలా నెలలు గాల్లోనే ఉంటుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ. బోరు నీళ్లలో సున్నం, ఫ్లోరైడు. చుట్టూ గాలిమరలు నిలబెట్టేంత గాలి. ఒకవైపు సుమారు 50 కిలోమీటర్లు పోతే అనంతపురం, ఇంకోవైపు విడపనకల్లు మీదుగా పోతే కర్ణాటక, బళ్లారి. పాత బండి విలువను ఇక్కడ ఇవన్నీ కలిసి తేలుస్తాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నేల మీద మోడలు, తయారైన సంవత్సరం, మీటరు రీడింగు, ఈ మూడూ కలిసినా సర్వీసు రుజువుకు సాటిరావు. ఎప్పుడు ఆయిలు మార్చారో, ఎప్పుడు ఎయిర్ ఫిల్టర్ మార్చారో, ఏ కూలెంట్ పోశారో బిల్లులు చూపించగలిగిన 2016 బండి, ఏ రుజువూ లేని 2021 బండి కన్నా మేలు. చాలామంది కొనుగోలుదార్లు దీనికి తలకిందులుగా వెళతారు. ముందు మోడలు మీద మనసు పడతారు, తర్వాత రంగు చూస్తారు, ఆ తర్వాత ధర బేరమాడతారు. బిల్లుల ఊసే రాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం డబ్బు. కొత్త యమహా ఆర్15 రోడ్డెక్కేసరికి రెండు లక్షల దరిదాపులకు వస్తోంది. కేటీఎం ఆర్‌సీ 390 మూడు లక్షలు దాటుతుంది. శనగో వేరుశనగో అమ్మిన డబ్బుతో, లేదా ఇంట్లో బంగారం బ్యాంకులో కుదువ పెట్టిన డబ్బుతో కొడుక్కి బండి కొనిచ్చే ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. డిగ్రీ చదివే పిల్లలకు, బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు, గాలిమరల సైట్లలో పనిచేసే కుర్రాళ్లకు అందుబాటులో ఉన్నది సెకండ్‌హ్యాండ్ బండే. ఉన్న లక్ష రూపాయలూ తప్పు బండి మీద పెడితే, బాగుచేయించడానికి ఇంకో ముప్ఫై నలభై వేలు ఆ ఇంట్లో దొరకవు. బండి గోడకు ఆనించి ఉంటుంది, వడ్డీ మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంటుంది.

స్పోర్ట్స్ బండి మోజు మనకు నిన్నమొన్నటిది కాదు. యమహా పరిజ్ఞానంతో ఎస్కార్ట్స్ సంస్థ 1983లో రాజ్‌దూత్ 350ని, 1985లో ఆర్‌ఎక్స్ 100ను తెచ్చింది. 98 సీసీల ఆ చిన్న టూ స్ట్రోక్ బండి తయారీ 1996లో ఆగిపోయింది, పేరు మాత్రం ఆగలేదు. 2018లో ఆ పేరుతోనే తెలుగు సినిమా వచ్చాక దాన్ని చూడని తరం కూడా వెతకడం మొదలుపెట్టింది. కూలెంట్‌తో చల్లబడే ఇంజన్, ఫెయిరింగు, ముందుకు వంగి కూర్చునే సీటు కలిపి మధ్యతరగతి చేతికందేలా చేసింది 2008లో వచ్చిన ఆర్15. ఆ దారినే 2014లో ఆర్‌సీ 200, ఆర్‌సీ 390, 2015లో పల్సర్ ఆర్‌ఎస్ 200, 2017 డిసెంబరులో టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 వచ్చాయి. ఇవాళ పాత బండ్ల బజారులో చేతులు మారుతున్నవి ఎక్కువగా ఈ తరానివే. వీటి ఇంజన్లు పాత స్ప్లెండర్ ఇంజన్లలాంటివి కావు. కంప్రెషన్ ఎక్కువ, తిరిగే వేగం ఎక్కువ, లోపలి భాగాల మధ్య సందు తక్కువ. అందుకే నిర్లక్ష్యాన్ని ఇవి ఎక్కువకాలం ఓర్చుకోవు.

ముందు దుమ్ము సంగతి. ఇంజన్‌లోకి పోయే గాలిని వడకట్టేది ఎయిర్ ఫిల్టర్ ఒక్కటే. తారు రోడ్డు మీదే తిరిగే నగరం బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు సరిపోవచ్చు. వజ్రకరూరు, బెళుగుప్ప వైపు మట్టిరోడ్ల మీద, గాలిమరల దగ్గరికి వేసిన గరుసు బాటల మీద తిరిగిన బండికి అది చాలదు, సగం గడువులోనే ఫిల్టర్ మార్చాలి. మూసుకుపోయిన ఫిల్టర్‌తో నడిపితే పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే. చిరిగిన ఫిల్టర్‌తోనో, ఫిల్టరే లేకుండానో నడిపితే ఇసుక రేణువులు నేరుగా సిలిండర్‌లోకి వెళ్లి రింగులను, బోరును గీరేస్తాయి. అందుకని బండి చూడటానికి వెళ్లినప్పుడు ఫిల్టర్ పెట్టె విప్పించి చూడాలి. ఫిల్టర్‌కు ఇంజన్ వైపు ఉండే గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే దుమ్ము అంటకూడదు. అంటిందంటే ఆ ఇంజన్ దుమ్ము తిన్నట్టే. అమ్మేవాడు విప్పనివ్వకపోతే అక్కడితో బేరం ఆపేయడమే మంచిది.

ఆర్15 విషయంలో దీనికి ఇంకో లెక్క ఉంది. పాత బండ్లలో సిలిండర్ లోపల ఇనుప లైనరు ఉండేది, అరిగితే బోరు కొట్టించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేసేవాళ్లు. గుంతకల్లులోనో అనంతపురంలోనో లేతు పని చేసేవాళ్లు ఆ పని చక్కగా చేసి ఇచ్చేవాళ్లు. ఆర్15లో యమహా వాడేది డయాసిల్ సిలిండర్. సిలికాన్ కలిసిన అల్యూమినియంతో పోతపోసినది, లోపల లైనరు ఉండదు. గట్టిగా ఉంటుంది, వేడిని బాగా పంపేస్తుంది, సరిగా చూసుకుంటే చాలాకాలం అరగదు. గీతలు పడితే మాత్రం బోరు కొట్టించే వీలు లేదు, సిలిండర్ మొత్తం మార్చాలి, పిస్టన్ కూడా మార్చాలి. కాబట్టి నీలిపొగ కొట్టే ఆర్15ను తక్కువ ధరకు తీసుకుని బోరు చేయిస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. కేటీఎం సిలిండర్లకు లోపల గట్టి పూత ఉంటుంది, వాటికీ అదే వర్తిస్తుంది.

తర్వాత ఎండ, నీళ్లు. ఈ రెండూ ఇక్కడ కలిసే పనిచేస్తాయి. రేడియేటర్ ఉన్న బండిలో కూలెంట్ తగ్గితే చాలామంది దగ్గర్లో దొరికిన నీళ్లు పోస్తారు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ, ఇంజన్ చుట్టూ నీరు తిరిగే దారుల్లోనూ అదే పొర కడుతుంది. బయటినుంచి రేకుల సందుల్లో దుమ్ము, చచ్చిన పురుగులు అడ్డుపడతాయి. మే నెల ట్రాఫిక్‌లో ఆ ఇంజన్ ఇక చల్లబడే దారి ఉండదు. హెడ్ గ్యాస్‌కెట్ పోవడం, వాటర్ పంపు సీలు కారడం అక్కడినుంచే మొదలవుతాయి. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే రేడియేటర్ మూత తీసి చూడాలి, వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. లోపల పచ్చగానో నీలంగానో ఎర్రగానో శుభ్రమైన కూలెంట్ కనిపించాలి. తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఆ యజమాని మామూలు నీళ్లు పోశాడని అర్థం. ఆయిలు మూత తీసినప్పుడు లోపల పాలలా తెల్లటి జిడ్డు ఉంటే కూలెంట్, ఆయిలు కలుస్తున్నాయేమోనని గట్టిగా అనుమానించాలి. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి అలాగే వదిలేయాలి. కాసేపటికి రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగాలి, ఇంజన్ చల్లబడ్డాక ఆగాలి. ఫ్యాన్ తిరగని బండిని అనంతపురం ఎండలో నడపడం ఇంజన్‌ను చేతులారా కాల్చుకోవడమే.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వస్తున్నామని చెప్పి వెళ్లినా సరే, ముందుగా స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. అప్పటికే వెచ్చగా ఉంటే, చల్లని ఇంజన్‌లో బయటపడే జబ్బులు దాచడానికే స్టార్ట్ చేసి ఉండొచ్చు. అప్పుడు సాయంత్రం మళ్లీ వస్తామని చెప్పి రావాలి. చల్లటి ఇంజన్ ఒకటి రెండు సార్లలో అందుకోవాలి. స్టార్ట్ అయిన క్షణంలో నీలిపొగ కొట్టి తర్వాత తగ్గిందంటే వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలిపొగ వస్తే రింగులు, బోరు. తాళం తిప్పగానే ఇంజన్ లైటు, ఏబీఎస్ ఉంటే దాని లైటు వెలగాలి. ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఇంజన్ లైటు ఆరాలి, బండి కాస్త కదిలాక ఏబీఎస్ లైటు ఆరాలి. అసలు వెలగకపోతే సంతోషించకూడదు. లోపం కనపడకుండా ఎవరో ఆ లైటును పనిచేయనీయకుండా చేసి ఉండొచ్చు. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతి బండిలో అది పనిచేయకపోవడం చిన్న విషయం కాదు.

పడిన బండిని గుర్తుపట్టడం స్పోర్ట్స్ బండి విషయంలో అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా కష్టం. ఫెయిరింగ్ మార్చేస్తే బండి పైకి కొత్తదిలా కనిపిస్తుంది. అందుకని ప్లాస్టిక్‌ను వదిలి లోహాన్ని చూడాలి. హ్యాండిల్ చివర్లు, బ్రేక్ లివరు కొన, ఫుట్‌రెస్టు అంచు, సైలెన్సర్ పక్క, ఇంజన్ కవరు అడుగు, వీటి మీద గీతలుంటే బండి పక్కకు పడిందని అర్థం. నిలబెట్టిన చోట పడినా ఇలాంటి గీతలు వస్తాయి, అంతమాత్రాన వదిలేయక్కర్లేదు. ముందునుంచి గుద్దుకున్నదా అన్నది తేల్చుకోవాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఫ్రేముకు తగిలి ఆగే చిన్న ఇనుప మొటిమ ఒకటి ఉంటుంది. అది నొక్కుకుపోయినా, విరిగినా, దాని చుట్టూ రంగు కొత్తగా ఉన్నా ఆ బండి ముందు భాగం గట్టిగా దెబ్బ తిన్నదన్నమాటే. ఫ్రేము మెడ దగ్గర రంగు పగుళ్లు, వెల్డింగు మచ్చలు వెతకాలి. ఫోర్కు గొట్టాలను కొంచెం దూరం నుంచి పక్కగా చూస్తే వంకర తెలుస్తుంది. వాటి మీద ఆయిలు తడి ఉంటే సీళ్లు పోయాయి, దుమ్ము ఊళ్లలో ఇది మామూలే, పెద్ద ఖర్చు కాదు. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్‌ను నిదానంగా తిప్పితే మధ్యలో ఎక్కడో చిక్కుకున్నట్టు ఆగితే కోన్‌సెట్ పోయినట్టు. ఇదీ బాగుచేసుకోదగ్గదే, ధరలో తగ్గించుకుంటే సరి. ఫ్రేము దెబ్బ మాత్రం ఏ ధరకూ ఒప్పుకోవద్దు.

మీటరును నమ్మవద్దని అందరూ చెబుతారు, నిజమే. డిజిటల్ మీటరును కూడా వెనక్కి తిప్పేవాళ్లున్నారు. దానికి మందు అరుగుదల చూడటమే. 12 వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పిన బండికి గ్రిప్పులు నునుపెక్కి, బ్రేక్ పెడల్ మెరుస్తూ, డిస్కు అంచు మెట్టు కట్టి ఉంటే ఆ లెక్క కుదరదు. డిస్కు మీదే ఎంత మందం వరకు వాడొచ్చో అచ్చు వేసి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. బండి 2020ది, టైరు 2023ది, మీటరు మాత్రం 9 వేలు చూపిస్తుంటే మొదటి టైరు అంత త్వరగా ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగాలి. అన్నిటికన్నా మంచి దారి, యజమానిని వెంటబెట్టుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి బండి నంబరు చెప్పి పాత సర్వీసుల వివరాలు అడగడం. ఎక్కడ ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో అక్కడ నమోదై ఉంటుంది. నిజాయతీగా అమ్మేవాడు దీనికి వెనకాడడు.

మోడళ్ల విషయంలో ఉరవకొండ నుంచి చూస్తే నా ఎంపిక సూటిగానే ఉంటుంది. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, బాగుచేసే చెయ్యి ఎంత దూరంలో ఉంది అన్నది మొదటి ప్రశ్న. పల్సర్ 220, ఆర్‌ఎస్ 200, అపాచీ ఆర్‌టీఆర్ 200 లాంటివి మన మెకానిక్‌లకు చేతి అలవాటైన బండ్లు, సామాన్లు అనంతపురంలోనూ బళ్లారిలోనూ దొరుకుతాయి. వేగం కన్నా రోజూ నమ్మకంగా తిరగడం కావాలనుకునే కుర్రాడికి ఇవి చాలు. నిజంగా స్పోర్ట్స్ బండి మీద మనసున్నవాడికి ఆర్15 మూడో తరం, అంటే 2018 నుంచి వచ్చిన 155 సీసీ బండి, నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి బేరం. సుమారు 140 కిలోల బరువు, మంచి మైలేజీ, సరిగా చూసుకుంటే మన్నే ఇంజన్. ఆర్‌సీ 390 గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. నడిపితే దాని ఆనందమే వేరు, కానీ 40 గుర్రాల శక్తి దాటిన ఆ బండిని నెమ్మదిగా నడిపేవాళ్లు తక్కువ. వేడి ఎక్కువ, టైర్లు ఖరీదు, పని తెలిసిన మెకానిక్ అందరికీ అందుబాటులో ఉండడు. పూర్తి సర్వీసు రుజువులుంటేనే దాని జోలికి వెళ్లాలి. హోండా సీబీఆర్ 250ఆర్, పాత కరిజ్మా మంచి బండ్లే, తయారీ ఆగిపోయింది కాబట్టి ఫెయిరింగ్ ముక్కలు, సెన్సర్ల కోసం నెలల తరబడి వెతకాల్సి రావచ్చు. నింజా లాంటి పెద్ద బండ్లకు బెంగళూరు దాకా పరుగెత్తాలి. క్లచ్ కేబుల్ తెగితే ఆటోలో వేసుకుని అంత దూరం పోలేం కదా.

సైలెన్సర్ మార్చిన బండి గురించి వేరుగా చెప్పాలి. పెద్ద చప్పుడు కోసం కంపెనీ సైలెన్సర్ తీసి వేరేది తగిలించిన బండ్లు బజారులో చాలా ఉన్నాయి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో పొగను శుద్ధిచేసే భాగం ఆ కంపెనీ సైలెన్సర్ వ్యవస్థలోనే ఉంటుంది. అది పోయిందంటే పొల్యూషన్ సర్టిఫికెట్‌కు ఇబ్బంది, పోలీసులు ఆపితే జరిమానా, ఇంజన్ నడక కూడా మారుతుంది. అసలు సైలెన్సర్ ఇంట్లో ఉందంటే తెచ్చి బిగించాకే డబ్బు ఇవ్వాలి. లేదంటే కొత్తదాని ధర పూర్తిగా తగ్గించుకోవాలి. చాలాకాలం నడపకుండా నిలిపిన బండి కూడా ప్రమాదమే. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాక్కుంటుంది. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూస్తే తుప్పు కనపడుతుంది. 2023కు ముందు తయారైన బండ్లలో చాలావరకు 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు సరిపడేలా చేసినవి కావు కాబట్టి వాటి రబ్బరు గొట్టాలు గట్టిపడ్డాయేమో, పగిలాయేమో చూడాలి.

ఎవరి దగ్గర కొనాలన్న ప్రశ్న మీద వాదన ఎప్పుడూ తెగదు. బంధువులు, స్నేహితుల దగ్గర కొంటే మోసం ఉండదని ఒక నమ్మకం. మోసం ఉండకపోవచ్చు, మొహమాటం ఉంటుంది. ఫిల్టర్ పెట్టె విప్పమని బావమరిదిని ఎవరూ అడగరు. విప్పమనే అడగాలి. "అన్నా, సింగిల్ హ్యాండు, షోరూం కండిషను, ఇంజన్ మీద చెయ్యే పడలేదు" అనే బ్రోకరు మాటను గౌరవంగా విని, బండి చెప్పేది వేరుగా వినాలి. సర్వీసు సెంటర్లకు అనుబంధంగా, ఆన్‌లైన్‌లో అమ్మే పెద్ద సంస్థల దగ్గర కాగితాలు శుభ్రంగా ఉంటాయి, ధర కొంచెం ఎక్కువ. పాత వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర నమోదు కావాలన్న కేంద్ర నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ అనుమతి ఉందా అని అడగడం మన హక్కు. ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసి వేలం వేసే బండ్లు చౌకగానే కనిపిస్తాయి. ఫారం 36 ద్వారా ఫైనాన్స్ కంపెనీ పేరు మీదికి ఆర్‌సీ మారిందా లేదా చూడకుండా అలాంటి బండి తేవద్దు. వాయిదాలు కట్టలేక వదులుకున్నవాడు సర్వీసు మాత్రం వేళకు చేయించి ఉంటాడని అనుకోలేం.

కాగితాల దగ్గర మన ఊరికి సరిహద్దు ఒక ప్రత్యేక చిక్కు. కేఏ 34 అంటే బళ్లారి నంబరు. ఆ బండ్లు ఇక్కడ తక్కువ ధరకు దొరుకుతాయి, చాలామంది పేరు మార్చుకోకుండా ఏళ్లతరబడి తిరుగుతారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి బళ్లారి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ ఖర్చు. ఇవన్నీ కలిపాక కూడా బేరం లాభంగా ఉంటేనే కొనాలి, అదీ ఎన్‌ఓసీ చేతికొచ్చాకే. ఎన్‌ఓసీ తర్వాత తెచ్చిస్తానన్న మాట మీద డబ్బు ఇచ్చినవాళ్లు బళ్లారి చుట్టూ తిరగడం కొత్త కాదు.

మన రాష్ట్రం బండి అయినా ఫారం 29, ఫారం 30 మీద ఇద్దరి సంతకాలు, అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయడం చట్టం చెప్పిన పద్ధతి. ఫైనాన్స్ బండి అయితే ఫారం 35తో హెచ్‌పీ, అంటే ఆర్‌సీలోని ఫైనాన్స్ తాకట్టు, క్యాన్సిల్ చేయించి ఉండాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని పేరు మార్చుకోకుండా తిరిగే అలవాటు కొన్నవాడికే కాదు, అమ్మినవాడికి కూడా ఉరి. కొత్త యజమాని పేరు ఎక్కని బండితో ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్‌లో ఉన్న పాత యజమానే నష్టపరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ఆ కేసులోని కారు అప్పటికి ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారుతూ పోయింది. వాహన్ పోర్టల్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు కనిపిస్తాయి. చలాన్ల బకాయి వేరుగా చూసుకోవాలి. ఛాసిస్ మీద కొట్టిన నంబరును, ఇంజన్ నంబరును ఆర్‌సీతో అంకె అంకె పోల్చాలి. 15 ఏళ్లు దాటిన ఆర్‌ఎక్స్ 100 లాంటి బండి అయితే రిజిస్ట్రేషన్ పొడిగించారా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇన్సూరెన్స్‌లో జనానికి తెలియని మెలిక ఒకటుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి కాబట్టి ఈమధ్యకాలపు బండికి ఆ భాగం ఇంకా నడుస్తూ ఉండొచ్చు, అది బండితోపాటు మనకు వస్తుంది. బండికి జరిగే నష్టానికి ఇచ్చే భాగం మాత్రం మన పేరుకు మార్పించుకోకపోతే క్లెయిమ్ రాదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ అతనిదే, మనది కాదు.

ధర కట్టేటప్పుడు అమ్మేవాడు ఎంతకు కొన్నాడన్నది పట్టించుకోనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంతకు మించినవాటి మీద 40 శాతమైంది. ఇవాళ్టి కొత్త ధర ఎంతో తెలుసుకుని దాని మీదనే లెక్క వేయాలి. ఆ తర్వాత చైన్ స్ప్రాకెట్, రెండు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, వీటిలో ఏవి ఆరు నెలల్లో మార్చాల్సి వస్తాయో మెకానిక్‌తో రాయించుకుని ఆ మొత్తం తీసేయాలి. పది వేలు చౌకగా వచ్చిందనుకున్న బండి రెండు టైర్లు, ఒక చైన్ కిట్‌తోనే ఆ లాభం తినేస్తుంది.

టైర్ల మీద నేను కాస్త ఎక్కువ పట్టుబడతాను. పైకి మందం ఉన్నా అయిదారేళ్లు మన ఎండలో ఉన్న టైరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఆషాఢంలో పక్కగాలి కొట్టేటప్పుడు ఫెయిరింగ్ ఉన్న తేలికపాటి బండిని 42వ జాతీయ రహదారి మీద గాలిమరల దగ్గర నడిపితే ఆ తేడా తెలుస్తుంది. గాలి బండిని పక్కకు తోస్తుంది, రోడ్డు అంచున ఇసుక ఉంటుంది. 2021 సెప్టెంబరు 10న నటుడు సాయిధరమ్ తేజ్ హైదరాబాదులో కేబుల్ బ్రిడ్జి దగ్గర ట్రయంఫ్ బండి మీంచి పడింది రోడ్డు మీది ఇసుక, మట్టిలో జారి. హెల్మెట్ ఉండబట్టి బతికారు. ఆ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదేనని పోలీసులు అప్పట్లో చెప్పారు. నగరం నడిబొడ్డున, అంత ఖరీదైన బండికే ఆ గతి పట్టినప్పుడు మన రోడ్ల మీద ఎంత జాగ్రత్త కావాలో వేరే చెప్పనక్కర్లేదు. బండికి పెట్టిన డబ్బులోంచి మంచి హెల్మెట్‌కు, గ్లవ్స్‌కు ముందే పక్కన తీసిపెట్టండి. అందుకు బడ్జెట్ చాలకపోతే ఒక మోడలు కిందికి దిగండి.

కొన్న మొదటి వారంలో అమ్మినవాడు ఏం చెప్పినా సరే, ఇంజన్ ఆయిలు, ఆయిలు ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఆయిలు మార్పించి, రేడియేటర్ ఖాళీ చేయించి కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించండి. చైన్ కడిగించి లూబ్రికెంట్ వేయించి, సరిగా బిగించుకోండి, మన దుమ్ముకు ఇది పదిహేను రోజులకొకసారైనా చేయాలి. ప్రతి పనికీ తేదీ, కిలోమీటర్లు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. ఉరవకొండలో చిన్న షెడ్డులో చేయించినా సరే, ఒక కాగితం మీద రాయించి మెకానిక్ సంతకం పెట్టించండి. ఆ కాగితాలన్నీ ఆర్‌సీ ఉన్న కవర్లోనే దాచండి. రేపు మీరు అమ్మే రోజున మీ ఇంటికి వచ్చే కుర్రాడికి అవి చూపించి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె మీరే విప్పి పెట్టండి.